ఆకాశ గడియారాలను దిద్దే దళం

జీపీఎస్ ఉపగ్రహానికి తాను ఎక్కడ ఉందో తెలియదు. ఫోను తెరిచి దారి వెతుక్కునే మనలో చాలామందిమి, పైనున్న ఉపగ్రహం కిందున్న మనల్ని చూసి చోటు చెబుతోందని అనుకుంటాం. అది మనల్ని చూడదు. మనం ఉన్నామో లేమో దానికి పట్టదు. అది అదే పనిగా చెప్పేవి రెండే మాటలు: ఇప్పుడు టైమెంత, తాను ఎక్కడ ఉంది. మొదటిది తన లోపలి పరమాణు గడియారాన్ని చూసి చెబుతుంది. రెండోది మాత్రం ఎవరో రాసిచ్చింది చదవడమే. రేపటి దాకా అది ఏ క్షణాన ఎక్కడ ఉండబోతోందో ముందే లెక్కగట్టి, పంచాంగకర్త రాబోయే ఏడాది గ్రహగతులు గుణించి పెట్టినట్టు గుణించి, పైకి పంపేవాళ్లు నేల మీద ఉన్నారు. దాని గడియారం ఎంత ముందుందో, ఎంత వెనకబడిందో దానికే చెప్పేదీ వాళ్లే.

అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ నగరానికి తూర్పున, రాకీ పర్వతాలు దూరంగా కనబడే గడ్డి మైదానంలో ష్రీవర్ అనే సైనిక స్థావరం ఉంది. అక్కడ రాత్రింబవళ్లు షిఫ్టుల్లో ఈ పని నడిపిన దళం ప్రపంచానికి సెకండ్ స్పేస్ ఆపరేషన్స్ స్క్వాడ్రన్‌గా తెలుసు. వాళ్ల చేతిలో ఉన్నవి ముప్పై చిల్లర ఉపగ్రహాలు. వాటి మీద ఆధారపడ్డవాళ్లు వందల కోట్ల మంది. ఉపగ్రహాలు కట్టినవాళ్ల ప్రతిభ గురించి, వాటిని మోసుకెళ్లిన రాకెట్ల గురించి చాలా రాశారు. కక్ష్యలోకి చేరాక రోజూ జరిగే దిద్దుబాటు గురించి తక్కువ రాశారు. నాకు ఎక్కువ పనితనం కనబడేది అక్కడే.

ఈ వ్యవస్థకు రూపం వచ్చింది 1973లో. ఆ ఏడాది సెప్టెంబరులో, సెలవు రోజుల్లో బోసిగా ఉన్న పెంటగాన్‌లో, వాయుసేన కల్నల్ బ్రాడ్‌ఫర్డ్ పార్కిన్సన్ కొద్దిమందిని కూర్చోబెట్టి, అప్పటికి ఎవరి దారిన వారు చేస్తున్న పనులను ఒకచోట చేర్చారు. నౌకాదళ పరిశోధనశాలలో రోజర్ ఈస్టన్ బృందం గడియారాలను కక్ష్యలోకి పంపి పరీక్షిస్తోంది. వాయుసేన 621బి ప్రాజెక్టు, ఉపగ్రహాలన్నీ ఒకే పౌనఃపున్యం మీద మాట్లాడినా ఒకదాని మాట ఇంకోదానితో కలిసిపోకుండా చూసే కోడ్ సంకేతాన్ని తయారుచేసింది. జలాంతర్గాముల కోసం 1960ల నుంచి నడుస్తున్న ట్రాన్సిట్ వ్యవస్థ, ఉపగ్రహాన్ని నేల మీది నుంచి గమనించి దాని రేపటి చోటును ఎలా చెప్పవచ్చో అప్పటికే చూపించింది. ఈ మూడూ కలిసినదే జీపీఎస్.

మొదటి ఉపగ్రహం 1978 ఫిబ్రవరి 22న కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుంచి వెళ్లింది. తొలి ఏళ్లలో అదుపు కూడా అక్కడి నుంచే. 1983 సెప్టెంబరు 1న దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లిన కొరియా ప్రయాణికుల విమానాన్ని యుద్ధవిమానం కూల్చేసింది. 269 మంది చనిపోయారు. ఆ నెలలోనే రీగన్ ప్రభుత్వం, ఈ వ్యవస్థ సిద్ధమయ్యాక పౌర విమానాలు కూడా వాడుకోవచ్చని ప్రకటించింది. 1985లో, అప్పటికి ఫాల్కన్ అని పిలిచే ఇదే స్థావరంలో, సెకండ్ శాటిలైట్ కంట్రోల్ స్క్వాడ్రన్ పేరుతో ఈ దళం మొదలైంది. 1992 జనవరి 30న స్పేస్ ఆపరేషన్స్ స్క్వాడ్రన్ అయింది. 1998లో స్థావరానికి అమెరికా క్షిపణి కార్యక్రమాన్ని నడిపించిన జనరల్ బెర్నార్డ్ ష్రీవర్ పేరు పెట్టారు. ఆయన బతికుండగానే. 2019 చివర్లో అమెరికా స్పేస్ ఫోర్స్ ఏర్పడ్డాక పని వాయుసేన నుంచి అటు మారింది. 2020లో డెల్టా 8 అనే విభాగం కిందికి, 2023లో నావిగేషన్ కోసమే పెట్టిన డెల్టా 31 కిందికి వచ్చింది. పైనున్న బోర్డులు ఇన్నిసార్లు మారినా లోపల పని ఒక్క రోజు ఆగే వీలు లేదు. ఎందుకు ఆగకూడదో తెలియాలంటే ముందు ఉపగ్రహం లోపలికి చూడాలి.

గడియారంతో మొదలుపెడదాం. ఒక్కో జీపీఎస్ ఉపగ్రహంలో మూడో నాలుగో పరమాణు గడియారాలుంటాయి. ఒకటి పనిచేస్తుంటే తక్కినవి చెడినప్పటి కోసం. పాత తరంలో సీజియం, రూబిడియం రెండూ ఉండేవి. ఇప్పటి జీపీఎస్-3 తరంలో మూడూ రూబిడియమే. రూబిడియం గడియారంలో మూడు ముఖ్యమైన భాగాలు: ఒక చిన్న దీపం, రూబిడియం ఆవిరి నింపిన గాజు గది, దాని వెనక కాంతిని కొలిచే సెన్సర్. దీపం కాంతి ఆవిరి గుండా వెళ్తూ అక్కడి పరమాణువులను ఒక శక్తి స్థాయిలోకి తోసేస్తుంది. తోసేశాక అవి కాంతిని పెద్దగా పీల్చుకోవు, గది పారదర్శకమవుతుంది. ఇప్పుడు ఆ గదిలోకి మైక్రోవేవ్ తరంగాన్ని పంపుతారు. దాని పౌనఃపున్యం సెకనుకు సరిగ్గా 683 కోట్ల 46 లక్షల 82 వేల చిల్లర కంపనాలైతే, పరమాణువులు మళ్లీ కింది స్థాయికి దిగి కాంతిని పీల్చడం మొదలుపెడతాయి. సెన్సర్‌కు చేరే వెలుగు రవ్వంత తగ్గుతుంది. ఆ రవ్వంత తగ్గుదలను పట్టుకుని, అది ఎక్కడ గరిష్ఠంగా ఉందో అక్కడే మైక్రోవేవ్‌ను నిలిపి ఉంచేలా ఒక సర్క్యూట్ క్వార్ట్జ్ స్ఫటికాన్ని క్షణక్షణం సరిచేస్తుంటుంది. నిజానికి టిక్కుమనేది స్ఫటికమే. పరమాణువులు దానికి తప్పు చూపించే గురువులు.

ఈ గడియారానికి కట్టేటప్పుడే ఒక చిన్న తప్పు పెడతారు. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం, భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున గురుత్వం బలహీనం కనుక అక్కడి గడియారం రోజుకు దాదాపు 45.7 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. సెకనుకు దాదాపు 3.9 కిలోమీటర్ల వేగంతో పోతున్నందువల్ల 7.2 మైక్రోసెకన్లు వెనకబడుతుంది. తీసివేతలు పోను రోజుకు 38 మైక్రోసెకన్లకు పైగా ముందు. కాంతి ఒక్క నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి, దీన్ని వదిలేస్తే దూరం లెక్క రోజుకు 11 కిలోమీటర్లు తప్పుతుంది. అందుకని 10.23 మెగాహెర్ట్జ్ కావలసిన మూల పౌనఃపున్యాన్ని నేల మీదే 10.22999999543కి తగ్గించి పంపుతారు. పైకి వెళ్లాక అది మన కళ్లకు 10.23గా కనబడుతుంది. 1977లో నౌకాదళం సీజియం గడియారంతో పంపిన ఎన్‌టీఎస్-2 ఉపగ్రహంలో ఈ దిద్దుబాటును ఆన్, ఆఫ్ చేసే వీలు పెట్టారు; సిద్ధాంతం నిజంగా అంత కచ్చితంగా పనిచేస్తుందా అని సందేహించినవాళ్లు అప్పుడు ఉన్నారు. 20 రోజులు దిద్దుబాటు లేకుండా నడిపి చూశారు. లక్ష కోట్ల భాగాల్లో 446.5 భాగాల తేడా రావాలని సిద్ధాంతం చెప్పింది, 442.5 వచ్చింది. దిద్దుబాటును ఆన్ చేశారు.

ఆ మూల పౌనఃపున్యాన్ని 154తో గుణిస్తే మన ఫోన్లు వినే 1575.42 మెగాహెర్ట్జ్. 120తో గుణిస్తే 1227.60, రెండో సంకేతం. అంతా ఒకే లయ నుంచి పుట్టడం వల్ల ఒకదాన్నిబట్టి ఇంకోదాన్ని నమ్మవచ్చు.

యాంటెన్నాను దగ్గరగా చూడటం నాకు ఇష్టం. పాత బ్లాక్-2 ఉపగ్రహం భూమి వైపు ముఖంలో 12 స్ప్రింగు ఆకారపు యాంటెన్నాలు రెండు వలయాలుగా ఉంటాయి: లోపల 4, బయట 8. ఉపగ్రహం నుంచి చూస్తే భూమి నడిబొడ్డు దగ్గర, అంచులు దూరం. అన్ని దిక్కులకూ ఒకే శక్తితో పంపితే నెత్తిన ఉపగ్రహం ఉన్నవాడికి సంకేతం బలంగా, దిగంతం దగ్గర కనబడేవాడికి నీరసంగా అందుతుంది. అందుకని లోపలి నాలుగింటికి శక్తిలో 90 శాతం ఇచ్చి, బయటి ఎనిమిదింటికి మిగిలిన 10 శాతాన్ని తిరగేసిన దశలో ఇచ్చారు. రెండు తరంగాలూ కలిసినప్పుడు నడుమ కాస్త అణిగి, అంచుల వైపు లేచే కిరణం వస్తుంది. విజయవాడలో నెత్తిన ఉన్న ఉపగ్రహమూ, తూర్పు కొండల అంచున అప్పుడే పైకొచ్చిన ఉపగ్రహమూ ఇంచుమించు ఒకే బలంతో వినబడటానికి కారణం ఈ తీగ చుట్టల అమరిక.

ఈ యాంటెన్నాలు ఎప్పుడూ భూమి వైపే ఉండాలి. సౌర పలకలు ఎప్పుడూ సూర్యుడి వైపే ఉండాలి. భూమి చుట్టూ తిరుగుతూ రెండు షరతులూ పాటించాలంటే ఉపగ్రహం తన నిలువు అక్షం మీద నెమ్మదిగా తిరుగుతూ ఉండాలి. ఆ తిప్పడం లోపలి చక్రాలు చేస్తాయి. వాటిలో పోగైన వేగాన్ని దించుకోవడానికి చిన్న రాకెట్లు పేల్చకుండా, విద్యుదయస్కాంత కడ్డీలతో భూమి అయస్కాంత క్షేత్రాన్ని నెడతారు. రాకెట్ పేలిస్తే కక్ష్య కదులుతుంది, లెక్క చెడుతుంది. ఉపగ్రహం కట్టినవాడు నేల మీద లెక్క వేసేవాడిని మనసులో పెట్టుకుని కట్టాడన్నమాట.

ఇంత చేసినా కక్ష్య నిలకడగా ఉండదు. సూర్యుడు, చంద్రుడు లాగుతారు. భూమి సమానమైన గోళం కాదు. ఎండ కూడా తోస్తుంది. ఆ తోపు ఎంత చిన్నదైనా, లెక్కలో కలపకపోతే ఒక్క రోజులో ఉపగ్రహాన్ని వందల మీటర్ల అవతల చూపిస్తుంది. గడియారమూ తన ఇష్టం వచ్చినట్టు రవ్వంత జారుతుంది. అందుకే స్క్వాడ్రన్.

వినడంతో పని మొదలవుతుంది. ప్రపంచమంతా పరచిన భూకేంద్రాలు మనలాగే సంకేతాలు అందుకుంటాయి, మనకు లేని శ్రద్ధతో. మొదట ఉన్నవి ఐదు: కొలరాడో, హవాయి, పసిఫిక్‌లో క్వాజలీన్, అట్లాంటిక్‌లో అసెన్షన్, హిందూ మహాసముద్రంలో డియెగో గార్సియా. తర్వాత ఫ్లోరిడాలోని కేప్ కెనావరల్ చేరింది. మన నెత్తిమీదుగా పోయే ఉపగ్రహాలను వినేది ఎక్కువగా డియెగో గార్సియానే. కన్యాకుమారికి దక్షిణ నైరుతి దిక్కున దాదాపు 1,800 కిలోమీటర్ల దూరంలో, సముద్రం నడుమ పగడపు దీవి అది. 2005 నుంచి మరో అమెరికా ప్రభుత్వ సంస్థ నడిపే కేంద్రాలు కూడా కలిశాయి. అంతకుముందు కొన్ని చోట్ల ఉపగ్రహం ఎవరి చెవినా పడకుండా కాసేపు తిరిగేది. ఇప్పుడు ప్రతి ఉపగ్రహాన్నీ ఎప్పుడూ ఒకటికి మించిన కేంద్రాలు వింటుంటాయి.

ఈ కేంద్రాల చోటు సెంటీమీటర్లలో తెలుసు. కాబట్టి మనం చేసే లెక్కను అవి తిరగేసి చేస్తాయి. మనం ఉపగ్రహం చోటు నమ్మి మన చోటు కనుక్కుంటాం. అవి తమ చోటు నమ్మి ఉపగ్రహం చోటు కనుక్కుంటాయి. ప్రతి 1.5 సెకన్లకు ఒక కొలత. వాతావరణం పైపొర సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది, కానీ రెండు పౌనఃపున్యాలను వేర్వేరుగా ఆలస్యం చేస్తుంది. ఆ తేడా నుంచి ఆలస్యాన్ని లెక్కగట్టి తీసేస్తారు. 15 నిమిషాల కొలతలను ఒక్కటిగా నునుపు చేసి ష్రీవర్‌లోని కంప్యూటర్లకు అప్పగిస్తారు.

అక్కడుంది అసలు హృదయం: కాల్‌మన్ ఫిల్టర్ అనే గణిత పద్ధతి. దాని తర్కం సూటిగా ఉంటుంది. ఇప్పటి దాకా తెలిసినదాన్ని బట్టి ఉపగ్రహం ఎక్కడ ఉండాలో అంచనా వెయ్యి. కొలత రాగానే అంచనాతో పోల్చు. తేడా వస్తే, అంచనా మీద నీకెంత నమ్మకం, కొలత మీద ఎంత నమ్మకం అని తూచి, ఆ మేరకే అటో ఇటో జరుగు. ఒక ఉపగ్రహానికి చోటు, వేగం, ఎండ తోపు, గడియారం ఎంత తప్పింది, ఎంత వేగంగా తప్పుతోంది అన్నీ ఒకేసారి నడుస్తుంటాయి. భూకేంద్రాల గడియారాలనూ నమ్మరు, వాటి తప్పునూ ఇందులోనే అంచనా వేస్తారు. అలాంటప్పుడు అసలు టైము ఏది? 1990 నుంచి దీనికి జవాబు, ఏ ఒక్క గడియారమూ కాదు. ఉపగ్రహాల గడియారాలు, భూకేంద్రాల గడియారాలు అన్నిటికీ నిలకడను బట్టి తలో వంతు ఇచ్చి తీసిన సగటే జీపీఎస్ టైము. ఒక గడియారం చెడితే దాని వంతు తగ్గుతుంది, టైము ఆగదు. ఈ కాగితపు గడియారాన్ని వాషింగ్టన్‌లోని నౌకాదళ వేధశాల టైముకు దగ్గరగా, కుదుపు తెలియనంత మెల్లగా జరుపుతూ ఉంటారు. ఆ వేధశాల రెండో ప్రధాన గడియారం ష్రీవర్‌లోనే ఉంది. తేడా 1 మైక్రోసెకను దాటకూడదని నియమం. నిజంగా ఉండేది నానోసెకన్లలో. ఏ గడియారమూ నమ్మదగింది కానప్పుడు అన్నిటినీ కలిపి నమ్మదగిన టైము తీయడం, నా దృష్టిలో ఈ మొత్తం వ్యవస్థలో అన్నిటికన్నా తెలివైన పని.

ఫిల్టర్ ఇప్పటి స్థితి చెప్పాక, భౌతిక సూత్రాలతో దాన్ని ముందుకు పొడిగిస్తారు. ఆ భవిష్యత్తును ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ 16 సంఖ్యల్లో ఇముడుస్తారు. మొదటివి 17వ శతాబ్దంలో కెప్లర్ చెప్పిన దీర్ఘవృత్తం కొలతలే. తక్కినవి ఆ దీర్ఘవృత్తం ఎలా మెలికపడుతోందో, ఎలా ఊగుతోందో చెప్పే సవరణలు. సాధారణంగా ఒక్కో ముక్క నాలుగు గంటల పాటు సరిపోతుంది, రెండు గంటలకోసారి కొత్తది మొదలవుతుంది. ఉపగ్రహం దీన్ని సెకనుకు 50 బిట్ల చొప్పున ప్రసారం చేస్తుంది. ఇప్పటి కంటికి అది నత్తనడక. కానీ 30 బిట్ల ప్రతి మాటలో 24 సమాచారానికి, 6 తప్పు పట్టుకోవడానికి వాడి, 30 సెకన్లలో మన ఫోనుకు కావలసినదంతా చెప్పేయగలగడం 1970ల పొదుపు. ఉన్న 50 వాట్ల స్థాయి శక్తి 20 వేల కిలోమీటర్లు దిగేసరికి పరిసరాల రేడియో గోల కన్నా కిందికి పోతుంది. అంత నీరసమైన సంకేతంలో మాట పోకుండా ఉండాలంటే మెల్లగా మాట్లాడటమే మార్గం.

తయారైన ఈ లెక్కను ప్రతి ఉపగ్రహానికీ కనీసం రోజుకోసారి పైకి పంపాలి. అసెన్షన్, డియెగో గార్సియా, క్వాజలీన్, కేప్ కెనావరల్‌లలో ఇందుకోసమే యాంటెన్నాలున్నాయి. సైన్యం ఉమ్మడి భూకేంద్రాలనూ వాడతారు. కొలరాడోలోని గదిలో కూర్చున్న ఆపరేటర్ భూగోళం అవతల దీవిలోని యాంటెన్నాను తిప్పి, ఉపగ్రహాన్ని పట్టుకుంటారు. ముందు దాని ఒంటి సంగతి అడుగుతారు: బ్యాటరీ ఎలా ఉంది, వేడి ఎంత, చక్రాలు ఎంత వేగంగా తిరుగుతున్నాయి, ఏ గడియారం మీద నడుస్తోంది. తర్వాత కొత్త లెక్క పంపుతారు. పంపినది చేరినట్టే చేరిందా అని సరిచూసుకుంటారు. అప్పుడే లింకు వదిలి ఇంకో ఉపగ్రహం. ఉపగ్రహం బాగోగులు ఒకరు, సంకేతం నాణ్యత ఒకరు, భూకేంద్రాల లింకులు ఒకరు చూస్తుంటే, షిఫ్టు కమాండర్ అందరి పనికీ జవాబుదారీ. వీళ్లలో చాలామంది ఇరవైల్లో ఉన్న కుర్ర సైనికులు. పోస్టింగు పూర్తయి మారిపోతూ ఉంటారు. అందుకే ప్రతి పనికీ అడుగు అడుగూ రాసిన చెక్‌లిస్టు ఉంటుంది; వాళ్ల పక్కనే రిజర్వ్ దళమైన 19వ స్పేస్ ఆపరేషన్స్ స్క్వాడ్రన్‌లో ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు పనిచేశారు. మనిషి మారినా పనితీరు మారకుండా నిలపడం కూడా ఒక నిర్మాణమే.

లెక్క ఎంత తాజాగా ఉంటే సంకేతం అంత కచ్చితం. ఇక్కడే సైనిక అవసరం కనబడుతుంది. ఫలానా ప్రాంతంలో ఫలానా సమయానికి మెరుగైన కొలత కావాలంటే, ఆ వేళకు అక్కడ ఆకాశంలో ఉండబోయే ఉపగ్రహాలేవో చూసి, వాటికి కొద్దిసేపటి ముందే తాజా లెక్క పంపుతారు. ఆ కొలతతో బాంబులు గురి చూసుకుంటాయి. అణు పేలుళ్లను పసిగట్టే పరికరాలూ ఈ ఉపగ్రహాలపైనే ఉన్నాయి. శత్రువు దొంగ సంకేతం పంపి మోసం చేయకుండా సైనిక కోడ్‌ను 1994 జనవరి నుంచి రహస్య తాళంతో నడుపుతున్నారు. ఈ దళం పనితనాన్ని మెచ్చుకునేవాడు ఈ సంగతి దాటవేయకూడదని నా అభిప్రాయం. యుద్ధం కోసం ఇంత కచ్చితత్వం కొన్నారు. అంబులెన్సుకు దారి చూపేదీ, బ్యాంకు లావాదేవీ మీద టైము ముద్ర వేసేదీ అదే కచ్చితత్వం.

ఒకప్పుడు పౌరులకు కావాలనే చెడగొట్టి ఇచ్చేవారు. పౌర సంకేతం గడియారాన్ని అటూ ఇటూ ఊపి, చోటు 100 మీటర్ల దాకా తప్పేలా చేసేవారు. 1990లో గల్ఫ్ యుద్ధ సన్నాహాల్లో సైనికులకు చాలినన్ని మిలిటరీ రిసీవర్లు లేక బజార్లో కొన్నవి ఇవ్వాల్సివచ్చింది. అప్పుడు ఈ చెడగొట్టడాన్ని తాత్కాలికంగా ఆపారు. శాశ్వతంగా ఆపమని అధ్యక్షుడు క్లింటన్ 2000 మే 1న ఆదేశించారు. ఆ రాత్రి ష్రీవర్ నుంచి ఆదేశాలు వెళ్లాయి. మన లెక్కలో మే 2 ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో, ఒక్కరి రిసీవర్ కూడా మారకుండానే ప్రపంచమంతటా తప్పు 20 మీటర్ల లోపుకు పడిపోయింది. దారి చూపే యాప్‌లన్నీ ఆ తర్వాతి సంగతి. తర్వాతి ఏళ్లలో కొత్త గడియారాలు, ఎక్కువ భూకేంద్రాలు, 2007లో పాత మెయిన్‌ఫ్రేమ్ స్థానంలో వచ్చిన కొత్త నియంత్రణ వ్యవస్థ కలిసి తప్పును ఇంకా కుదించాయి. 2021 ఏప్రిల్‌లో ఒక రోజు కొలిస్తే, ఉపగ్రహాల వైపు నుంచి వచ్చే తప్పు 95 శాతం వేళ 64 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. ఆకాశంలో 20 వేల కిలోమీటర్ల దూరంలో, తుపాకీ గుండు కన్నా ఎన్నో రెట్లు వేగంగా పోతున్న వస్తువు గురించి ముందే వేసిన అంచనా అది.

ఉపగ్రహాన్ని నిజంగా కదపాల్సిన రోజులూ ఉంటాయి. కక్ష్యా కాలం 11 గంటల 58 నిమిషాలు కాబట్టి అది రోజూ భూమి మీద ఒకే బాటన పోతుంది, భూమి ఎగుడుదిగుళ్లు రోజూ ఒకే వైపు లాగుతాయి. ఏడాదికో ఏడాదిన్నరకో ఒకసారి రాకెట్ పేల్చి తిరిగి స్థానంలో పెట్టాలి. ముందుగా ప్రపంచానికి నోటీసు ఇస్తారు. తర్వాత ఉపగ్రహం తన సందేశంలోనే తనను వాడొద్దని చెప్పుకునేలా చేస్తారు. పేల్చాక ఫిల్టర్ కొత్త కక్ష్యను పట్టుకునే దాకా గంటల తరబడి వింటారు. నమ్మకం కుదిరాకే మళ్లీ వాడుకలోకి.

ఇన్ని జాగ్రత్తలున్నా తప్పులు జరిగాయి, జరిగిన తీరు నుంచి నిర్మాణం ఇంకా బాగా అర్థమవుతుంది. ఎస్‌వీఎన్-23 అనే ఉపగ్రహం 1990 నవంబరులో వెళ్లింది. 2004 జనవరి 1న దాని గడియారం చెడింది. దాన్ని వాడొద్దని ప్రకటించడానికి దాదాపు మూడు గంటలు పట్టింది; ఈలోగా దాని దూరం లెక్క వందల కిలోమీటర్లు తప్పిపోయింది. ఎప్పుడూ ఎవరో ఒకరు వింటూ ఉండాలన్న అవసరాన్ని ఆ మూడు గంటలు ఎత్తి చూపాయి. మరుసటి ఏడాది నుంచి భూకేంద్రాలు పెరిగాయి. ఆ ఉపగ్రహాన్ని మాత్రం పారేయలేదు. మరో గడియారంతో పరీక్షించి, 2008లో 32వ కోడ్ సంఖ్యతో మళ్లీ పనిలో పెట్టారు. ఇంకో ఎనిమిదేళ్లు పనిచేసింది.

2016 జనవరిలో దాన్ని పూర్తిగా విరమింపజేశారు. అప్పటికి దాని తరంలో అన్నిటికన్నా వయసు మీరినది అదే. జాబితాలోంచి దాన్ని తీసేసినప్పుడు నేల మీది సాఫ్ట్‌వేర్‌లో ఒక తప్పు బయటపడి, జీపీఎస్ టైమును అంతర్జాతీయ టైముకు మార్చే సంఖ్యల్లో 13.7 మైక్రోసెకన్ల తేడా దూరింది. ఆ సంఖ్యలు జనవరి 26న 15 ఉపగ్రహాలకు చేరాయి. యూరప్‌లో డిజిటల్ రేడియో ప్రసారాలు తడబడ్డాయి, టెలికం కంపెనీల పరికరాలు గంటల తరబడి హెచ్చరికలు మోగించాయి. స్క్వాడ్రన్ కారణం పట్టుకుని సరైన సంఖ్యలు పంపేసరికి సగం రోజు గడిచింది. ఆ సగం రోజులో దారి వెతుక్కుంటున్న విమానాలు, ఓడలు, ఫోన్లు మాత్రం చోటు తప్పలేదు. 13.7 మైక్రోసెకన్లు దూరంలో కలిస్తే 4 కిలోమీటర్లు. కానీ అంతర్జాతీయ టైముకు మార్చే సంఖ్యలను సందేశం నాలుగో భాగంలో, 12 నిమిషాల 30 సెకన్లకోసారి వచ్చే 18వ పేజీలో విడిగా పెట్టారు. చోటు లెక్కకు కావలసిన గడియారం దిద్దుబాటు మొదటి భాగంలో, కక్ష్య రెండు, మూడు భాగాల్లో ఉంటాయి. ఒక అరలో చెడ్డ సంఖ్య పడినా అది పక్క అరలోకి పోలేదు. పది రోజుల తర్వాత, ఫిబ్రవరి 5న, బ్లాక్-2ఎఫ్ తరంలో చివరి ఉపగ్రహం కేప్ కెనావరల్ నుంచి ఎగిరింది. ఖాళీ అయిన 32వ కోడ్ సంఖ్యను దానికే ఇచ్చారు.